గిస్లా పొయ్యి రాయి

సున్యేర్ గురువుగారిని ప్రశ్న అడిగినవాడు జవాబు కోసం కాచుక్కూర్చోవలసిందే. వినక కాదు. వింటారు, తలూపుతారు, మళ్ళీ తన పనిలో పడతారు. జవాబు ఎప్పటికో, అడిగినవాడు అడిగానన్న సంగతే మరిచిపోయాక వస్తుంది. రోమన్ల ఏలుబడి పోయిన ఎన్నో వందల ఏళ్ళకి, స్పెయిన్ వైపు కాటలోనియా కొండల్లో ఒక చిన్న క్రైస్తవ మఠానికి ఆయన పెద్ద.

శిష్యుల్లో బెరెంగేర్ చదువులో మేటి. లాటిన్ అంటే ప్రాణం పెట్టేవాడు. కింద పల్లెలో జనం మాట్లాడుకుంటుంటే మాత్రం వాడికి ఒళ్ళు జలదరించేది. ఆ మాటకి అప్పటికింకా స్థిరమైన పేరు లేదు, తర్వాతివాళ్ళు కాటలాన్ అన్నారు. లాటిన్లో ‘ఫుర్నుస్’ అనే పొయ్యిని పల్లెవాళ్ళు ‘ఫోర్న్’ అనేవారు, ‘పానిస్’ అనే రొట్టెని ‘పా’ అని ఊరుకునేవారు. రోమన్లు చెక్కిన మాటల్ని వీళ్ళు గొర్రెలు నమిలినట్టు నమిలేశారని వాడి ఏడుపు. తాను పుట్టిందీ పెరిగిందీ ఆ పల్లెలోనేనన్న ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు.

ఆకులు రాలేకాలంలో ఒకనాడు గురువుగారు ద్రాక్షతీగలు కత్తిరిస్తుంటే దగ్గరికి వెళ్ళి అడిగాడు.

“గురువుగారూ, లాటిన్ చచ్చిపోయినట్టేనా? ఈ జనం నోట్లో ఉన్నది దాని శవమేనా?”

ఆయన తలూపి ఇంకో తీగ అందుకున్నారు. బెరెంగేర్ దాన్ని అంగీకారం కింద జమకట్టుకుని, మనసులో ఉన్న అసలు సంగతి బయటపెట్టాడు. పల్లెలో గూడులా కట్టిన రొట్టెల పొయ్యి నోటి కమానులో ఒక రోమన్ల కాలపు రాయి ఉంది, మసి కింద అక్షరాలున్నాయి, దాన్ని మఠానికి తెచ్చి కడిగి నలుగురూ చదివేలా గోడలో నిలబెడితే అదైనా బతుకుతుందన్నాడు. పొయ్యి గిస్లాది కదా, ఆమెనడుగు, ఇస్తే తెచ్చుకో అని గురువుగారు మళ్ళీ తీగలవైపు తిరిగారు.

ఆ పొయ్యి సంగతి కొంచెం చెప్పాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ దొర కోటలో ఉన్న పొయ్యికి వెళ్ళి రొట్టెలు కాల్చుకుని, అందులో దొర వాటా ఇచ్చి రావలసిందే. ఈ ఒక్క పల్లెకి మాత్రం పాతకాలపు మినహాయింపు ఉంది. తమ పొయ్యిలో నిప్పు ఆరనన్నాళ్ళూ ఎవరూ వాటా అడగకూడదు, ఆరిందా, ఆ హక్కు ఆరినట్టే. అందుకని ఆ నిప్పు అత్త చేతినించి కోడలి చేతికి వస్తూ ఇప్పుడు గిస్లా చేతికి వచ్చింది. గిస్లా మొగుణ్ణి మట్టిచేసిన రోజున కూడా అందరికంటే ముందు లేచి వచ్చి పొయ్యిలో కట్టెలు వేసిందని చెప్పుకునేవారు.

మఠం నించి వచ్చిన మనిషికి లేదని చెప్పడం ఆమెకి చేతకాదు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఒక్క మాట మాత్రం అడిగింది.

“పొయ్యి నిలుస్తుందా అయ్యా?”

ఇంతకంటే మంచి రాయి పెడతాను, నాదీ పూచీ అన్నాడు బెరెంగేర్. అన్నట్టే ఏటి ఒడ్డునించి నున్నటి తెల్లరాయి ఏరుకొచ్చాడు. నిప్పులు కుండలోకి ఎత్తించి, పాతరాయి ఊడదీసి, తెల్లరాయి కూర్చి, సాయంత్రానికల్లా పొయ్యి మళ్ళీ రాజేయించాడు. పాతరాయిని గోనెల్లో చుట్టి కంచరగాడిద మీద మఠానికి చేర్చేసరికి కూడా అది వెచ్చగానే ఉంది. గురువుగారు వచ్చి దానిమీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు తియ్యకుండా నిలబడి, లోపలికి వెళ్ళిపోయారు.

మసి వదిలించి చూస్తే అదొక సమాధిరాయి. ఫోర్తునాతా అనే మంచి భార్య ఇక్కడ నిద్రపోతోందని దానిమీద రాసి ఉంది. ఎక్కడెక్కడి సన్యాసులో వచ్చి చదివి, ఆ లాటిన్‌ని మెచ్చుకుని పోతుంటే బెరెంగేర్‌కి కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఏటిరాయికి నిప్పు గిట్టదు. లోపల చెమ్మ ఉంటుంది. క్రిస్మస్ రొట్టెలకి గిస్లా మంట పెంచిన రోజున ఆ తెల్లరాయి ఫెటిల్లున పగిలింది. కమాను కూలింది, దానివెనకే పైకప్పంతా కూలి నిప్పుని మట్టికింద పూడ్చేసింది. పల్లె పల్లెంతా చేతులతో తవ్వారు. గిస్లా వేళ్ళు కాలాయే గాని ఒక్క కణిక కూడా ప్రాణంతో దొరకలేదు. దొర మనుషులు వచ్చి, ఇకనించి మా పొయ్యికి రండి అని మర్యాదగానే చెప్పి వెళ్ళారు.

కబురు తెలియగానే బెరెంగేర్ గోడలోంచి రాయిని పెళ్ళగించి కంచరగాడిద మీద వేసుకుని పల్లెకి దిగాడు. పిండి తట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు కోటదారి పట్టి ఎదురుపడ్డారు. వాణ్ణి చూసి పక్కకి తప్పుకుని నడిచిపోయారు, తిట్టినా బాగుండుననిపించింది వాడికి. గిస్లా కూలిన పొయ్యి దగ్గర, వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని కూర్చుని ఉంది. నా చేతులతో నేనే మళ్ళీ కట్టిస్తానమ్మా అని వాడు బతిమాలుకున్నాడు.

“కడితే కట్టొచ్చయ్యా,” అంది గిస్లా. “ఆ నిప్పెక్కడిది?”

తర్వాత ఆమె చూపు రాయి మీద పడింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని నల్లగా తప్ప చూసింది లేదు. ఏం రాశారని అడిగింది. వాడు ఉన్నదున్నట్టు లాటిన్లోనే చదివాడు. చదువుతుండగానే ఆమె ‘బోనా’ అని మెల్లిగా తనూ అనుకుంది.

“మంచిదంటున్నారు పాపం. ఎవరో ఆ తల్లి?”

వాడింకా అర్థం చెప్పనే లేదు. తన చిన్నప్పటి పల్లెమాటలోనూ మంచిదంటే ‘బోనా’నే. వాడు ఏడుస్తూ, ఏళ్ళుగా నోటికి రానివ్వని పల్లెమాటలో క్షమించమని అడిగాడు. కావాలని చేశావా ఏమిటి ఊరుకో అని ఆమే ఓదార్చింది. రాయిని మాత్రం ఉంచుకోనంది. కళ్ళెదుట ఉంటే చూడలేనంది.

పొద్దు వాలుతుండగా బెరెంగేర్ మఠం చేరి రాయిని దించాడు. కొండగాలికి అది మంచులా ఉంది. గురువుగారు వచ్చి ఆనాటిలాగే దానిమీద అరచెయ్యి ఆనించారు. వాడు తలెత్తలేదు.

“ఆపవలసినవాణ్ణి, నేనూ ఆపలేదు,” అన్నారాయన. చెయ్యి దానిమీంచి తియ్యకుండానే, “లాటిన్ చచ్చిపోయిందా అని అడిగావు. నువ్వడిగిన రోజున ఇంకా వెచ్చగానే ఉంది నాయనా.”