తలకు తెచ్చిన మెంతులు

మా అనంతమ్మగారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందు వాళ్ల మొహం చూడరు, చేతిలో సంచీ చూస్తారు. "ఏం తెచ్చావు?" అంటారు. ఏటి ఒడ్డున ఉన్న ఆవిడ ఆశ్రమానికి నేను ఏళ్ల తరబడి వెళ్తున్నాను. ఎనిమిదో తరగతితో ఆగిపోయినవాణ్ణి, వేదాంతం నా బుర్రకెక్కింది తక్కువే. కూరలు తరగడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. కత్తిపీట ముందు కూర్చున్నవాడికి అన్నీ వినపడతాయి, వాణ్ణెవరూ పట్టించుకోరు. అలా విన్న సంగతే ఇది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

ఒక శుక్రవారం, సెలవురోజు, పొద్దున్నే భ్రమరాంబ వచ్చింది. అమ్మగారి దగ్గర పాఠం వినే శిష్యురాలు, పోస్టాఫీసులో ఉద్యోగం. వెనకాల కూతురు వాసంతి, ఆరో తరగతి పిల్ల, తలకి తువ్వాలు చుట్టుకుని. వానాకాలంలో ఆ పిల్లకి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. అది తగ్గాక జుట్టు రాలడం పట్టుకుంది. దువ్వితే దువ్వెన నిండా, లేస్తే దిండు నిండా. భ్రమరాంబకి నిద్ర లేక కళ్లు లోతుకి పోయాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మగారూ, ఒక్క మాట అడుగుతాను. మనిషి తను చెయ్యగలిగిందంతా చేస్తూ, ఒక్క పూట కూడా మానకుండా, మనసంతా అక్కడే పెట్టినా ఫలం ఎందుకు కనపడదండీ?"

"సంచీలో ఏం తెచ్చావు?" అన్నారు అమ్మగారు.

సంచీలోంచి టిఫిన్ క్యారేజీ బయటికొచ్చింది. పై గిన్నెలో నానిన మెంతులు, కింద దాంట్లో పుల్లటి పెరుగు, అడుగున కరివేపాకు, మందారాకులు. పాఠం అయ్యేసరికి సాయంత్రమవుతుంది కదా, పిల్లకి తలపట్టు తప్పిపోకూడదని తెచ్చిందట. ఇక మొదలుపెట్టింది చూడండి, నేను కాకరకాయ పక్కన పెట్టి మరీ విన్నాను. మెంతులు పెరుగుతో రుబ్బి ఒకరోజు, మందారాకు పసరు ఒకరోజు, బియ్యం కడిగిన నీళ్లు పులియబెట్టి ఒకరోజు. ఉల్లిపాయ రసం పక్కింటావిడ చెప్పింది, కోడిగుడ్డు ఆఫీసులో ఎవరో చెప్పారు. "గుడ్డు పెట్టిన రోజు వేణ్ణీళ్లు పోశానండీ. జుట్టులోనే ఉడికిపోయింది. ఏరేసరికి సాయంత్రమైంది" అంది. నాకు నవ్వాగలేదు. పిల్ల నవ్వలేదు. దాంతో నేనూ నోరు మూసుకున్నాను.

"బాబాయిగారూ, మీరు చెప్పండి. ఈ పాపిట నిన్నటికంటే వెడల్పవలేదూ?" అంటూ భ్రమరాంబ పిల్ల తువ్వాలు లాగి నా ముందుకి వంచింది.

"నన్నడుగుతావేమే! నా నెత్తిన పాపిట ఎక్కడుండేదో నాకే గుర్తులేదు" అన్నాను.

నేను చూసింది వేరే. తల్లి చెయ్యి తల మీదకి రాగానే పిల్ల మెడ భుజాల్లోకి వెళ్లిపోయింది, తాబేలులాగ. పిల్ల చేతి గాజు మోచేతి దాకా జారుతోంది. తల్లి అటు తిరగ్గానే ఆ పిల్ల నా పక్కన చతికిలపడి, చిన్న గొంతుతో అడిగింది.

"తాతగారూ, గుండు చేయించేస్తే ఇంక రాలడానికి ఏమీ ఉండదు కదా?"

"ఉండదు. ఏం?"

"అప్పుడు మా అమ్మ పొద్దున్నే దిండు చూసి ఏడవదు."

కాకరకాయ తరగబోయి వేలు తెగినంత పని చేసుకున్నాను.

అమ్మగారు విన్నారో లేదో తెలియదు. భ్రమరాంబని పిలిచి, "నిన్న దిండు ఎలా ఉంది?" అనడిగారు.

"మొన్నటికంటే ఎక్కువేనండీ. ఎడమవైపు మరీను. ఒక్కొక్కటీ కుదురుతో సహా ఊడొస్తోంది" అని తడుముకోకుండా చెప్పింది.

"నిన్న మధ్యాహ్నం పిల్ల ఏం తింది?"

"క్యారేజీ పెట్టి పంపానండీ."

"తిందా?"

భ్రమరాంబ కొంగు సర్దుకుంది. "తినే ఉంటుంది..."

"డాక్టరుగారు ఏమన్నారు?"

"జ్వరం తర్వాత రాలుతుంది, మళ్లీ దానంతటదే వస్తుంది, కంగారు పడకండి, బలంగా తిండి మాత్రం..." చివరి మాట దగ్గర భ్రమరాంబ గొంతు దానంతటదే తగ్గిపోయింది.

అమ్మగారు పిల్ల వైపు తిరిగారు. "ఏమ్మా, అన్నం ఎందుకు తినడం లేదు?"

వాసంతి తల్లిని చూసింది, నేలని చూసింది. "పెరుగన్నం నా తలలాగ వాసనొస్తోంది మామ్మగారూ. పులుసు కూడా. కరివేపాకు కూడా. డబ్బా స్కూల్లో కుక్కకి పెట్టేస్తున్నాను."

నేను భ్రమరాంబ మొహం చూడలేకపోయాను. అమ్మగారు కోప్పడతారేమో, ఓదారుస్తారేమో అని ఎదురుచూశాను. రెండూ చెయ్యలేదు.

"కుంకుడుకాయలు కొట్టు" అన్నారంతే, నా వైపు తిరిగి.

పిల్లకి ఉత్త కుంకుడు రసంతో తలంటి, పెరట్లో ఎండలో కూర్చోబెట్టారు. భ్రమరాంబ ఇంట్లోకీ పెరట్లోకీ తిరుగుతూనే ఉంది. "ఇవాళ్టి మెంతుల పట్టు తప్పిపోతుందండీ. ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటికొస్తుందేమో" అంది రెండు మూడు సార్లు. చీర కొంగు మెలితిప్పీ మెలితిప్పీ తాడు చేసేసింది.

జుట్టు ఆరాక అమ్మగారు వాసంతిని వంటింట్లోకి పిలిచి, క్యారేజీలోని పెరుగు గిన్నెలో వేసి కవ్వం చేతికిచ్చారు. పిల్ల బిక్కుబిక్కుమంటూ చిలికింది. ఆ మజ్జిగని పులుసుకి పొయ్యి మీద పెట్టారు. నానిన మెంతుల్ని అమ్మగారు గుడ్డలో వేసి తడి అద్ది, ఆవాలతో, ఎండుమిరపకాయలతో కలిపి నూనెలో వేయించారు. "ఇప్పుడు నువ్వు కరివేపాకు వెయ్యి. వేసి వెనక్కి దూకు, లేకపోతే చిటపటలాడి మీద పడుతుంది" అన్నారు. పిల్ల వేసింది, దూకింది, దూకి నా కాలు తొక్కింది. "కుయ్యో" అన్నాను. అప్పుడు నవ్వింది. ఆ పిల్ల నవ్వు నేను వినడం అదే మొదలు.

గుమ్మంలో భ్రమరాంబ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. "అమ్మగారూ! అవి తలకి తెచ్చినవండీ!"

"తెలుసు. అందుకే మాడకుండా చూస్తున్నాను" అన్నారు అమ్మగారు. పోపు మజ్జిగపులుసులో సుయ్యిమంది.

విస్తళ్లు వేశాం. వాసంతి పక్కనే తల్లిని కూర్చోబెట్టి, వడ్డించమని మజ్జిగ చెంబు ఆమె దగ్గర పెట్టారు. పిల్ల అన్నంలో పులుసు కలిపి, ముద్ద చేసి, ముక్కు దగ్గరికి తీసుకెళ్లింది. వాసన చూసింది. మళ్లీ చూసింది. నేను నెయ్యి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏళ్ల తరబడి పాఠాలు వింటూ ఏనాడూ కుదరని ఏకాగ్రత ఆ ఒక్క ముద్ద మీద కుదిరింది నాకు.

పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకోటి పెట్టుకుంది. తరవాత తల వంచుకుని, ఎవర్నీ చూడకుండా, ఆకలి తెలిసిన పిల్ల తిన్నట్టు తినేసింది. పులుసు మారు అడిగింది. తిండేలెండి, ఏ ఇంట్లోనైనా రోజూ ఉండేదే. ఆ మాత్రానికే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పోపు ఘాటు అని చెప్పాను.

పిల్ల వంగి తింటుంటే ఆరిన పల్చటి జుట్టు రెండు వైపులా పడి, పాపిట సరిగ్గా తల్లి కళ్ల ముందుకి వచ్చింది. భ్రమరాంబ చెయ్యి తనకి తెలియకుండానే లేచింది. రెండు వేళ్లు పాపిట విడదీసి కుదుళ్లు వెతుకుతున్నాయి. పిల్ల ఏదో అంది. తల్లికి వినపడలేదు. పిల్ల విస్తరి కాస్త జరిపి, చెయ్యి చాపి, మళ్లీ అంది.

అమ్మగారు చెంబు తీసి భ్రమరాంబ ఒళ్లో పెట్టారు.

"పిల్ల మజ్జిగ అడుగుతోంది భ్రమరా. పాపిట కాదు, చెయ్యి చూడు."