పాల సంఘానికి తాళం పడిన ఉదయం

వాదించి ఒప్పించడం పేరిందేవి గారికి అలవాటు లేదు. పాల సంఘంలోని కంప్యూటర్లన్నీ ఆవిడ చేతిమీదుగా వచ్చినవే. సర్వర్లు ఆఫీసు వెనక గదిలో, సంఘం సొంత నిర్వహణలోనే ఉండేవి. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న ఇమ్మానియేలు ఒకరోజు, "మేడమ్, దొంగ అడుగుపెట్టలేని నెట్‌వర్క్ కట్టాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

ఆవిడ ఖాళీ మిషనొకటి తెప్పించి అతని ముందు పెట్టించారు. "మన సర్వరు పోయిందనుకో. దీంట్లో మళ్ళీ నిలబెట్టు."

ఇమ్మానియేలు ధీమాగా బ్యాకప్ డిస్కు అందుకున్నాడు. రోజూ కాపీ అవుతున్నదే. తీరా చూస్తే సగం ఫైళ్ళు తెరుచుకోలేదు. ఇన్నాళ్ళూ వాటిని తెరిచి చూసినవాళ్ళే లేరు. అతని మొహం మాడిపోయింది.

"ఈ డిస్కు ఎప్పుడూ సర్వరుకి తగిలించే ఉంటుందా?" అని మాత్రం అడిగి ఆవిడ వెళ్ళిపోయారు.

ఆనాటి నుంచి అతను ఇంకో కాపీ తీసి, ఏ వైరూ తగలకుండా బీరువాలో ఉంచసాగాడు. వీలు చిక్కినప్పుడల్లా దాంతో ఖాళీ మిషన్లో సర్వరుని నిలబెట్టి చూసేవాడు. మొదట్లో తడబడ్డాడు, విసుక్కున్నాడు. పోనుపోను చేతికి అలవాటైంది.

వేసవిలో ఒక ఉదయం, ఆఫీసులో ప్రతి తెరమీదా ఒకటే హెచ్చరిక: ఫైళ్ళకి తాళం వేశాం, అడిగిన డబ్బు ఇస్తేనే తీస్తాం. సర్వరుకి తగిలించి ఉన్న కాపీకీ తాళం పడింది. ఏ పాలు ఎటు పంపాలో తెలియక ట్యాంకర్లు గేటు దగ్గరే నిలిచిపోయాయి. ఎండ ఎక్కుతోంది. అధ్యక్షుడు వీరాస్వామి గారు చెమట తుడుచుకుంటూ, "వాళ్ళడిగింది ఇచ్చేద్దామయ్యా, పాలు విరిగిపోతాయి!" అన్నారు.

"ఇవ్వొద్దండీ. కాస్త ఆగండి," అన్నాడు ఇమ్మానియేలు. బయటి ఇంటర్నెట్ లైను పీకేశాడు. ఉద్యోగం మానేసి వెళ్ళిన ఒక గుమాస్తా పాస్‌వర్డుతో దొంగలు జొరబడ్డారని కనిపెట్టి, ఆ ఖాతా మూసేశాడు. సర్వర్లన్నీ తుడిచేసి, బీరువాలోని కాపీతో మళ్ళీ నిలబెట్టాడు. పేరిందేవి గారు పక్కనే కుర్చీలో కూర్చున్నారు. చెయ్యి మాత్రం వెయ్యలేదు.

మొదటి ట్యాంకరు హారన్ కొట్టుకుంటూ గేటు దాటింది. ఆఫీసంతా ఈలలు, చప్పట్లు. వీరాస్వామి గారు ఇమ్మానియేలుని అమాంతం కౌగిలించుకున్నారు.

అంతలో పక్క జిల్లా పాల సంఘం నుంచి ఫోను. అక్కడా అదే దాడి, ఎవరినైనా పంపమని బతిమాలుతున్నారు. "మావాడు బయల్దేరుతున్నాడు," అని పేరిందేవి గారు ఫోను పెట్టేశారు.

ఇమ్మానియేలు కంగారుపడ్డాడు. "వాళ్ళకి నేనేం చెప్పాలి మేడమ్?"

"చెప్పడం తర్వాత," అని నవ్వారావిడ. "ముందు వాళ్ళ పాలు కదిలించు."