రెండు గెంతుల దూరం

అనగనగా ఒక అడవిలో, వాగుకు ఇవతల, రేలమ్మ అనే ముంగిస ఉండేది. వయసు నాలుగేళ్ళు, ముంగిసల్లో అది నడివయసు. నలుగురూ కూడిన చోట ముందు వరసలో కూర్చోవడం ఆమె అలవాటు. "ఆడదానికి అంత ముందుకెందుకు?" అని అడవిలో సగం మంది గొణిగేవారు. "వెనక కూర్చుంటే వినపడదు" అనేది రేలమ్మ.

ఆమె కూతురు గోగి ఇప్పచెట్టు కింది చిన్న బడిలో చదివేది. పంతులమ్మ ఒక పావురం. గోగికి బడి అంటే ప్రాణం. ఇంటికి రాగానే చీమల్ని ఆపి పాఠాలు చెప్పేది. చీమలు ఆగేవి కావు, అది వేరే సంగతి.

ఒకరోజు బడి సంఘం ఒక తీర్మానం చేసింది. ఇకమీదట చిన్న బడులన్నీ మూసేస్తారు. వాగు అవతల, మద్దిచెట్టు కింద ఒకటే పెద్ద బడి. తరగతికో పంతులు. పెద్ద ఆటస్థలం. ఆలోచన చెడ్డదేమీ కాదు పిల్లలూ. పావురమ్మ ఒక్కతే అన్ని తరగతులకూ చెప్పలేక గొంతు పోగొట్టుకుంటోంది మరి.

సంఘానికి అధ్యక్షుడు కొండముచ్చు తాత. దూరం కొలిచింది కూడా ఆయనే.

"ఎంత దూరమని? ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకు, అక్కణ్ణించి అవతలి ఒడ్డుకు. రెండు గెంతులు!" అన్నాడు.

"నాకైతే అదీ అక్కర్లేదు. ఒక్కసారి ఎగిరితే చాలు" అన్నాడు నెమలి.

అంతే, తీర్మానం అయిపోయింది.

మర్నాడు గోగి తెల్లవారకముందే బయలుదేరింది. దానికి కొమ్మలు దూకడం రాదు, రెక్కలూ లేవు. ముళ్ళపొదలు చుట్టుకుని, వాగులో రాళ్ళు పట్టుకుని, తడిసి చేరేసరికి పిల్లలు ఇంటికి పోతున్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు పాదాలు చిట్లి రక్తం వచ్చింది.

"బడి మాన్పించు. ఆడపిల్లేగా! ఇంట్లో ఉండి తమ్ముళ్ళను చూసుకుంటుంది" అన్నాడు గోగి నాన్న.

కుందేళ్ళ ఇంట్లోనూ అదే మాట. ముళ్ళపందుల ఇంట్లోనూ అదే మాట. తీర్మానంలో ఆడపిల్లలు రావద్దని ఎవరూ అనలేదు. అయినా కొడుకుల్ని నాన్నలు వీపున మోసుకెళ్ళారు, ఆగిపోయింది మాత్రం ఆడపిల్లలే.

గోగి చీమలకు పాఠాలు చెప్పడం మానేసింది. అది చూశాక రేలమ్మకు తిండి సహించలేదు.

సంఘం మిట్టమధ్యాహ్నం కూర్చునేది. అమ్మలందరూ మేతకు పోయే వేళ అది. రేలమ్మ ఆ పూట వేట మానుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

"తాతా, ఆ దారిన మా పిల్ల నడవలేకపోతోంది" అంది.

"నువ్వు సంఘంలో సభ్యురాలివా అమ్మా?"

"కాదు."

"అయితే మాట్లాడకూడదు. పద్ధతి పద్ధతే" అన్నాడు కొండముచ్చు.

రెండోసారి వెళ్ళినప్పుడు రేలమ్మ ఆ పద్ధతి గురించే అడిగింది. "సంఘంలో సగం మంది అమ్మలుండాలని పద్ధతి కదా తాతా. వాళ్ళేరీ?"

"ఎందుకు లేరు? నెమలమ్మ మువ్వ ఉంది. లేడమ్మ ఉంది."

మువ్వ స్థానంలో నెమలి కూర్చున్నాడు. లేడమ్మ స్థానంలో జింక కూర్చున్నాడు.

"మా ఆవిడ తరఫున నేనొస్తాను. మేమిద్దరం ఒకటే!" అని నెమలి పింఛం విప్పాడు.

"గుడ్లు పొదిగేటప్పుడు కూడా ఆవిడ తరఫున నువ్వే కూర్చున్నావా అన్నయ్యా?" అంది రేలమ్మ.

అధ్యక్షుడికి కూడా నవ్వాగలేదు. నెమలి పింఛం ముడుచుకున్నాడు.

రేలమ్మ అక్కణ్ణించి తిన్నగా మువ్వ దగ్గరికి పోయింది.

"నేను సంఘంలో ఉన్నానా? నాతో ఎవరూ అనలేదే!" అంది మువ్వ. కాసేపాగి, "వద్దులే రేలమ్మా, ఆయన కోప్పడతారు. అయినా మా పిల్లలు బడికి ఎగిరి పోతున్నారుగా" అంది.

"చిన్నదానికి ఇంకా రెక్కలు రాలేదు కదా వదినా? అదెక్కడుంది?"

మువ్వ పొదవైపు చూసింది. చిన్నది పొద కింద ఒంటరిగా కూర్చుని మట్టిలో గోటితో గీతలు గీస్తోంది. దానికి వచ్చిన అక్షరాలు ఆ నాలుగే. మళ్ళీ మళ్ళీ అవే రాస్తోంది.

మూడోసారి రేలమ్మ పక్కన మువ్వ కూడా సంఘానికి వచ్చింది.

"నువ్వెందుకొచ్చావు? ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు?" అని అరిచాడు నెమలి.

"మీరే. ఇవాళ నా తరఫున" అంది మువ్వ. వెళ్ళి తన స్థానంలో కూర్చుంది. అధ్యక్షుడి వైపు తిరిగింది. "దూరం కొలిచినవాళ్ళు ఆ దారిన ఒకసారి నడవాలి. గోగి వెనకాల, నేల మీద."

"ఓస్, రెండు గెంతులకు ఇంత గొడవా? నడుస్తాను పద!" అన్నాడు కొండముచ్చు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరారు. కొండముచ్చు చెయ్యి అలవాటుగా కొమ్మ మీదికి పోయింది.

"తాతా, నేల మీద" అంది గోగి.

తాత అరచేతిలో ముల్లు దిగింది. కాసేపటికి ఆయాసం మొదలైంది.

"వాగు దాటేశామా గోగీ?"

"వాగు ఇంకా రానేలేదు తాతా."

తోక తడుపుకుని, కుంటుకుంటూ మద్దిచెట్టు చేరేసరికి ఇంటిగంట కొడుతున్నారు. కొండముచ్చు అక్కడే కూలబడి అరచేతిలో ముల్లు తీసుకున్నాడు.

"నా కాళ్ళతో కొలిచాను. తప్పు నాదే" అన్నాడు చివరికి.

ఆ వారమే ఇప్పచెట్టు బడి మళ్ళీ తెరిచారు. పావురమ్మకు తోడుగా ఒక గోరింకను వేశారు. పెద్ద పిల్లలు మద్దిచెట్టు బడికి పోవడానికి వాగు మీద దుంగ వేశారు. ఏ బడి మూయాలన్నా ముందు సంఘమంతా ఆ దారిన నడవాలని మువ్వ తీర్మానం పెట్టించింది. సమావేశం వేళ సాయంత్రానికి మారింది. లేడమ్మ కూడా వచ్చి తన స్థానంలో తానే కూర్చుంది. నెమలి ఇంట్లో పిల్లల్ని చూసుకోవడం నేర్చుకున్నాడు. బాగానే చూసుకున్నాడు, మధ్యలో పింఛం విప్పితే పిల్లలే ముడవమనేవారు.

గోగి మళ్ళీ చీమల్ని ఆపడం మొదలుపెట్టింది.

రేలమ్మ సంఘంలో చేరలేదు. మరుసటి ఏడు ఇప్పచెట్టు బడిలో తన పేరు రాయించుకుని, ముందు వరసలో కూర్చుని చదువు నేర్చుకుంది.

నీతి: బడి ఎంత దూరమో అందరికంటే చిన్న కాళ్ళున్నవాళ్ళను అడగాలి, వాళ్ళ అమ్మలకిచ్చిన చోట అమ్మలే కూర్చోవాలి.