జమ్ము ఊగితేనే దారి

ఆ మడుగులో నీళ్ళు తక్కువ, బురద ఎక్కువ. నడుమ ఓ మట్టిదిబ్బ, అవతల ఎత్తైన గట్టు, రెండిటి మధ్యా ఒత్తుగా పెరిగిన జమ్ము గడ్డి. దిబ్బ మీద నల్లచీమల పుట్ట ఉంది. మొదటి పెద్దవాన పడిందంటే దిబ్బ మునిగిపోతుంది. అందుకే ఏటా మబ్బు పట్టగానే చీమలు తమ గుడ్లన్నిటినీ నోట కరుచుకుని గట్టుకు చేరుస్తాయి. ఆ పనికి పెద్దదిక్కు సన్నమ్మ అనే ముసలి చీమ.

ఎగరలేని, ఈదలేని చీమలు నీళ్ళెలా దాటుతాయంటారా? వింతంతా అక్కడే ఉంది. చీమ జమ్ము ఆకు కొసకు చేరి ఆగుతుంది. గాలికి ఆకు వంగి పక్క ఆకును తాకుతుంది. తాకిన ఆ క్షణంలో చీమ దీన్ని వదిలి దాన్ని పట్టుకుంటుంది. మళ్ళీ ఆగడం, మళ్ళీ ఓ ఊపు, మళ్ళీ ఓ అడుగు. గుడ్లు మోసేవి ఇటు, ఖాళీ నోటితో తిరిగొచ్చేవి అటు. ఏ మొక్కా ఉన్నచోటు నుంచి బెత్తెడు కదలదు, అయినా పుట్టంతా గట్టుకు చేరిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను.

ఇందులో నీళ్ళకూ భాగం ఉంది. మడుగు ఎండితే జమ్ము బిరుసెక్కి ఊగడం మానేస్తుంది. జమ్ము లేకుండా ఒట్టి నీళ్ళే ఉంటే గుడ్లు కొట్టుకుపోతాయి. రెండూ కలిసి ఉన్నంతకాలమే ఆ దారి.

గట్టు మీది తుమ్మచెట్టుకు గూళ్ళు కట్టే గిజిగాడికి మాత్రం ఇదంతా చూస్తే చిరాకు. బిగువుగా ముడి వేయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఊగేది ఏదైనా సరే, అతని కంటికి సగంలో వదిలేసిన పనిలా కనిపించేది.

ఆ చిరాకును నక్క కనిపెట్టింది. దిబ్బ అంచున నీటికోడి గూట్లో ఎనిమిది గుడ్లున్నాయి. వాటి మీద నక్కకి ఎప్పట్నుంచో కన్ను, కానీ బురదలో దిగబడతానని భయం.

"మేస్త్రీ, నీలాంటి పనివాడు ఉండగా ఆ చీమలకి ఈ అవస్థేమిటి?" అంది నక్క.

"నన్నెవరూ అడగలేదు బావా."

"నేను అడుగుతున్నానుగా. జమ్మును కట్టలు కట్టి, కొసలు మడిచి, గట్టిగా బిగించెయ్. ఏ కట్ట ఎక్కడుండాలో నేను చూపిస్తాను."

నక్క గట్టు మీద అంగలు వేసి కొలత చూపించింది. గిజిగాడు పొంగిపోయి పనిలోకి దిగాడు. మధ్యాహ్నానికల్లా జమ్మంతా కట్టలుగా నిలబడింది. ఒక్క ఆకు కూడా కదలడం లేదు. తన పని తనే చూసుకుని గిజిగాడు మురిసిపోయాడు.

పడమట మబ్బు నల్లబడింది. గుడ్లు మోసుకొస్తున్న చీమలు కట్టల మీద ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గాలి బాగానే వీస్తోంది, కట్టలు మాత్రం వంగడం లేదు. ముందు కట్ట కళ్ళెదుటే ఉంది, అందదు. మూడు చీమలు తెగించి దూకాయి. గుడ్లతో సహా నీళ్ళలో పడిపోయాయి.

సన్నమ్మ అది కళ్ళారా చూసింది. తర్వాత తను ఉన్న కట్ట మీదే వాలిన గిజిగాడి దగ్గరికి పాకింది. తిట్టలేదు, ఏడవలేదు.

"మేస్త్రీ, ముడులు చక్కగా ఉన్నాయి. ఒక్క మాట చెప్పు. కట్టకీ కట్టకీ ఈ దూరం ఎవరి కాలితో కొలిచావు?"

 గిజిగాడి చూపు గట్టు వైపు తిరిగింది. నక్క అప్పటికే నాలుగో కట్ట మీద ఉంది. దాని కళ్ళు చీమల మీద లేవు, నీటికోడి గూటి మీద ఉన్నాయి. గిజిగాడికి సిగ్గేసింది.

"బావా, చీమల కోసం వేసిన దారి నీ కాలికి ఇంత బాగా ఎలా కుదిరింది?" అని అడిగాడు.

"ఏదో కుదిరిందిలే మేస్త్రీ. ముందు ఈ కట్ట చూడు, కాస్త కదులుతోంది. ఇంకో ముడి వెయ్యి."

గిజిగాడు సరేనని వచ్చి వాలాడు. అతని ముడులన్నిటికీ ఓ కొస బయటికి వదిలి ఉంటుంది. అది లాగితే మొత్తం విడిపోతుంది, ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ కొస ముక్కుతో పట్టుకుని లాగాడు. కట్ట విడిపోయి, నక్క మెడదాకా బురదలో కూరుకుపోయింది.

తర్వాత ఒక్కొక్క ముడీ విప్పుతూ వెళ్ళాడు. జమ్ము నిటారుగా లేచింది, గాలికి వంగింది, ఆకు ఆకును తాకింది. ఆగిపోయిన చీమల బారు మళ్ళీ కదిలింది. గిజిగాడు రెక్కలు ముడుచుకుని అది చూస్తూ ఉండిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా కళ్ళెదుట జరుగుతున్నదాన్ని ఆరోజే మొదటిసారి చూశాడు.

"ఊగడం దాని లోపం అనుకున్నాను సన్నమ్మా. ఆ ఊగడమే మిమ్మల్ని మోస్తోందని తెలియలేదు" అన్నాడు. నీళ్ళపాలైన ఆ మూడు చీమల సంగతి, గుడ్ల సంగతి సన్నమ్మ ఎత్తలేదు, అతనూ మరిచిపోలేదు. చివరి గుడ్డు గట్టెక్కాక మొదటి చినుకు పడింది.

కొన్ని బ్యాటరీల కడుపులో కూడా ఇలాంటి మడుగే ఉంటుందట. జున్నులాంటి ముద్ద, అందులో ద్రవాన్ని పీల్చుకుని అల్లుకున్న పొడవాటి అణువుల గొలుసులు. అయాన్లనే విద్యుదావేశపు రేణువులు ఆ ద్రవంలో, ఆ గొలుసుల కదలికల సందున దారి చూసుకుంటూ ఒక కొస నుంచి మరో కొసకు చేరతాయట. గొలుసులు మరీ బిగుసుకుంటే వాటి నడక మందగిస్తుందట. కంటికి కనబడనంత చిన్న చోట ఇంత ప్రయాణం జరుగుతుందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నక్క ఎలాగో ఒళ్ళీడ్చుకుంటూ గట్టెక్కింది. దాని ముక్కు పక్కనుంచే చీమలు తీరిగ్గా నడిచి వెళ్ళాయి.

నీతి: దారి వేసేవాడు నడిచేవాళ్ళ అడుగుతో కొలవాలి.