కుందేలు పారణ

దగ్గరికి జరగండర్రా. కాళ్ళు కడుక్కున్నారా? దణ్ణం పెట్టుకున్నారా? సరే. ఊఁ కొట్టడం మాత్రం మరిచిపోకండి. మీరు ఊఁ ఆపితే కథా ఆగిపోతుంది. ఆగినదాన్ని మళ్ళీ కదిలించడం ఎంత కష్టమో ఈ కథలోనే ఉంది.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి పేరెందుకులే, ఆషాఢం రాగానే వీధి వీధంతా గరిక మొలిచే ఊళ్ళో, భాగీరథమ్మ అని ఒకావిడ ఉండేది. మహా మడి మనిషి. పొద్దున్నే స్నానం చేసి, దొడ్లోకెళ్ళి, వినాయకుడికి ఇరవై ఒక్క గరిక పోచలు కోసుకొచ్చేది. ఇరవై కాదు, ఇరవై రెండూ కాదు.

ఆవిడ మనవరాలు హైమ, ఎనిమిదేళ్ళ పిల్ల. హైమ అమ్మా నాన్నా తెల్లవారుతూనే బస్సెక్కి పక్క ఊరి బళ్ళో పాఠాలు చెప్పడానికి వెళ్ళి, చీకటి పడ్డాకే వచ్చేవాళ్ళు. అందుకని ఇంట్లో మామ్మకి మనవరాలు, మనవరాలికి మామ్మ.

ఆ ఏడు హైమకి వాళ్ళమ్మ స్నేహితురాలు ఒక కుందేలు పిల్లనిచ్చింది. తెల్లగా, వేగి విచ్చుకున్న జొన్న గింజలా ఉండేది. హైమ దానికి పేలాలు అని పేరు పెట్టింది. ఇచ్చినావిడ ఒకటే మాట చెప్పి వెళ్ళింది. దీని ముందు ఎప్పుడు చూసినా గడ్డి ఉండాలి, మిగతాదంతా ఆ తర్వాతే అని.

భాగీరథమ్మకి ఆ మాట రుచించలేదు. గడ్డి పెట్టడానికి ఇదేమన్నా గొడ్డా, ఇంటి పిల్ల కదే అంది.

ఆ ఇంటి పిల్లేమో ఇల్లంతా పెంటికలు పెట్టేది. గుండ్రంగా, నల్లగా, పొడిపొడిగా. నవ్వండి నవ్వండి. కుందేలు పెంటికలు పెట్టక లడ్డూలు పెడుతుందా? భాగీరథమ్మ రోజూ చీపురూ చేటా పట్టుకుని వెనకాలే తిరిగేది. "మళ్ళీ జపమాల తెంచావటే?" అని తిడుతూ ఒక్కొక్క పూసా ఎత్తేది. తిట్టేది నోరే. చెయ్యి మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి పెడుతూనే ఉండేది.

మొదట అరటిపండు పెట్టింది. తియ్యగా ఉందని కుందేలు సగం గడ్డి వదిలేసింది. ఆ తర్వాత పుట్నాలూ బెల్లమూ పెట్టింది. ఉన్న సగంలో సగం వదిలేసింది. ఆ తర్వాత తొలి ఏకాదశి వచ్చింది. ఆ రోజు జొన్న పేలాలు దంచి బెల్లం కలిపి పేలపిండి చేసుకుంటాం కదూ. భాగీరథమ్మ దేవుడికి నైవేద్యం పెట్టి, దోసెడు పిండి తెచ్చి కుందేలు ముందు పోసింది. హైమ వద్దంది. ప్రసాదాన్ని వద్దనకూడదే అంది మామ్మ. అది మూతంతా పిండి చేసుకుని నేల కనబడేదాకా నాకింది.

సాయంత్రానికి కుందేలు మూలకి చేరి, ఒళ్ళు ముడుచుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. భాగీరథమ్మకి తెలిసిన వైద్యం ఒకటే. ఇంట్లో ఎవరికి పొట్ట బరువైనా ఓ పూట తిండి మానిపించడం. పైగా ఆ రోజు ఆవిడ ఉపవాసం. నాతోపాటు ఇదీ ఉంటుందిలే, పొట్టా తేలికపడుతుంది, ఏకాదశి పుణ్యమూ దక్కుతుంది అంటూ, దాని ముందున్న ఆ కాస్త గడ్డీ తీసేసింది.

ప్రేమతోనే తీసింది తల్లీ. అదే బాధ.

మర్నాడు ద్వాదశి. ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్ళు ద్వాదశి ఘడియలు దాటకుండా భోంచేసి ఉపవాసం విడవాలి. దాన్ని పారణ అంటారు. భాగీరథమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి, చీపురూ చేటా పట్టుకుంది. మూలల్లో చూసింది. మంచాల కింద చూసింది. తులసికోట చుట్టూ చూసింది. ఎక్కడా ఒక్క పెంటిక లేదు. అన్నాళ్ళుగా ఆవిడ కోరుకున్న శుభ్రం అదే. తీరా అది వచ్చాక ఆవిడ గుండె జారిపోయింది.

హైమ కుందేల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. అరటిపండు చూపిస్తే అది మొహం తిప్పేసుకుంది. పొట్ట గట్టిగా ఉంది. చెవులు చల్లగా ఉన్నాయి. పిల్ల ఏడవలేదు. బడికి వెళ్ళనంది. పశువుల ఆసుపత్రికి వెళ్తున్నాను, నువ్వు వస్తావా రావా అని మాత్రం అడిగింది.

భాగీరథమ్మ ఉడికిన అన్నం దించి పొయ్యి ఆర్పేసింది. "ఇది తినేదాకా నాకూ తిండి లేదు. పద," అంది.

అప్పుడు ఇద్దరూ ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ పేరు మెహరున్నీసా. అప్పుడే ఒక గేదెకి పురుడు పోసి, మోకాళ్ళదాకా ఉన్న బూట్లు కడుక్కుంటోంది. చేతులు తుడుచుకుని వచ్చి కుందేలు పొట్ట నొక్కి చూసింది. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. లోపల చప్పుడే లేదంది. ఏం పెట్టారు, ఎప్పుడు ఆపారు అని అడిగింది. భాగీరథమ్మ ఏదీ దాచలేదు. పేలపిండి సంగతీ చెప్పింది, ఉపవాసం సంగతీ చెప్పింది.

"పుణ్యం మీరు సంపాదించుకుంటున్నారుగా అమ్మా, దీనికెందుకు?" అంది డాక్టరమ్మ.

భాగీరథమ్మ తల దించుకుంది. అది చూసి డాక్టరమ్మ గొంతు మెత్తబడింది. మీ ఇంట్లో అఖండ దీపం పెడతారా అని అడిగింది. కార్తీకంలో పెడతాం అంది భాగీరథమ్మ.

"అందులో నూనె పొయ్యడం ఎప్పుడు ఆపుతారు?"

"అఖండానికి ఆపడమేమిటమ్మా, కొండెక్కిపోదూ..."

అంటూండగానే ఆవిడ చెయ్యి వెళ్ళి కుందేలు వీపు మీద పడింది.

అదర్రా సంగతి. మన పొట్ట పొయ్యిలాంటిది. ఓ పూట ఆర్పినా మళ్ళీ రాజుకుంటుంది. కుందేలు పొట్ట అఖండం. గడ్డిలో పీచే దానికి నూనె. పీచు పడుతున్నంతసేపూ పేగు కదులుతుంది. తీపీ పిండీ పడితే లోపల పులిసి గాలి నిండుతుంది. ఏమీ పడకపోతే ఇంక కదలడమే మానేస్తుంది.

డాక్టరమ్మ లోపల అడ్డమేమీ లేదని చూసుకుని, మెడ వెనక తోలు కింద సెలైను ఎక్కించింది. మందు ఇచ్చింది. ఆకులు మెత్తగా నూరి, నీళ్ళు కలిపి, సూది లేని సిరంజితో నోటి పక్కనించి కొంచెం కొంచెం పట్టమంది. పొట్ట మెల్లిగా నిమురుతూ ఉండమంది. దీపాలవేళకి ఒక్క పెంటికైనా పడకపోతే మళ్ళీ తీసుకురండి, ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదు అని కూడా చెప్పింది.

ఇంటికొచ్చారు. హైమ కొత్తిమీర నూరింది. మొదటిసారి పడితే కుందేలు ఉమ్మేసింది. రెండోసారి సగం గడ్డానికి, సగం హైమ గౌనుకి. మూడోసారి ఒక్క చుక్క మింగింది. హైమ చేతులు లాగితే మామ్మ పట్టేది. మామ్మ నడుం లాగితే హైమ పట్టేది. పక్కింటావిడ వచ్చి, ద్వాదశి ఘడియలు దాటిపోతున్నాయి పిన్నిగారూ, కుందేలు కోసం పారణ మానుకున్నవాళ్ళని ఎక్కడైనా చూశామా అంది. భాగీరథమ్మ సిరంజి దించలేదు. ఆ స్వామి నా కోసం ఆగుతాడు, దీని పొట్టే ఆగకూడదు అంది.

ఊఁ ఏదర్రా? ఆపకూడదన్నానా?

పొద్దు వాలింది. పెంటిక పడలేదు. హైమ కుందేలు బుట్ట తెచ్చి గుమ్మంలో పెట్టుకుంది, మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళడానికి. దీపం పెట్టి వెళ్దాం ఉండవే అని భాగీరథమ్మ స్నానం చేసి మడి కట్టుకుంది. గరిక పళ్ళెం తెచ్చుకుని వినాయకుడి ముందు కూర్చుంది. కుందేల్ని కింద దించడానికి మనసు రాక, ఒళ్ళో పెట్టుకుంది. మడిచీర మీద. అంత మడి మనిషీ.

ఒక్కొక్క పోచా వేస్తూ స్వామికి చెప్పుకుంది. నిప్పుల రాక్షసుణ్ణి మింగినప్పుడు నీ బొజ్జ మంట ఈ గరికతోనే కదయ్యా చల్లారింది, బొజ్జ బాధ నీకు తెలియనిదా అని. అలా ఇరవై పోచలు వేసింది. ఇరవై ఒకటోది చేతిలో ఉంది.

అప్పుడు కుందేలు ముక్కు కదిలింది. ఆ తర్వాత మెడ సాగింది. ఆ తర్వాత ఆ పోచ కొసని పళ్ళతో పట్టుకుంది.

హైమ మామ్మ చేతికేసి చూసింది. అది దేవుడి పోచ. ఆ ఇంట్లో ఇరవైతో పూజ ఏనాడూ ముగియలేదు.

భాగీరథమ్మ వేళ్ళు వదిలాయి. "తిను తల్లీ. ఆయనకి నేను చెప్పుకుంటాను."

కరకరా పోచ లోపలికి పోయింది. కుందేలు ఇంకా మెడ చాచింది. భాగీరథమ్మ స్వామి పాదాల దగ్గరనించి ఇరవయ్యోది తీసి ఇచ్చింది. పంతొమ్మిదోది ఇచ్చింది. అలా ఒకటొకటే వెనక్కి తీసుకుంటూ, వేసిన పూజంతా దాని నోటికే పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ దాని పొట్ట నిమురుతూ కూర్చున్నారు. కాసేపటికి పొట్టలో సన్నగా గుడగుడమంది. మరి కాసేపటికి, మడిచీర మీద, టప్పున, మిరియపు గింజంత పెంటిక ఒకటి పడింది. ఆ తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి.

మళ్ళీ స్నానం, మళ్ళీ మడి అని మామ్మ గొణుగుతుందనుకుంది హైమ. మామ్మ ఆ పూసని అరచేతిలో పెట్టుకుని దీపం వెలుగులోకి పట్టింది.

"హైమా, జపం మొదలైందే," అంది.

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల, పొద్దుటినించీ దాచుకున్నదంతా. ఏడ్చి, మొహం కడుక్కుని, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసి, కలిపి, మామ్మ నోట్లో మొదటి ముద్ద తనే పెట్టింది. ఘడియలు ఎప్పుడో దాటిపోయాయి. అయినా అంత రుచైన పారణ ఆవిడ జన్మలో చెయ్యలేదట.

ఆనాటినించి భాగీరథమ్మ దొడ్లోకెళ్తే ఇరవై ఒక్క పోచలు స్వామికి, బుట్టెడు గడ్డి కుందేలుకి. పక్కన గిన్నెలో నీళ్ళు, గుప్పెడు ఆకులు. పండగనాడైనా పండు ముక్క బొటనవేలి గోరంతే. ప్రతి ఏకాదశికీ తను ఉపవాసం పట్టే ముందు దాని బుట్ట నిండిందో లేదో చూసుకునేది. పొద్దున్నే చీపురు పట్టుకుని, నేల మీద నల్లపూసలు కనబడితే, అమ్మయ్య అనుకుని అప్పుడు తిట్టడం మొదలుపెట్టేది.

గరిక పోయె పొట్టలోకి,
పూస పోయె చేటలోకి,
కథ పోయె కంచిలోకి,
మనం పోదాం దుప్పట్లోకి.