అద్దె కెమెరా, తాత చెయ్యి

కాకినాడ జగన్నాథపురం వంతెన దిగి మూడో సందులోకి తిరిగితే చాలు, తెలివి వాసన గుప్పున కొడుతుందండి. ఇది నేనన్న మాట కాదు, నూకరాజు అన్న మాట. మా ఎదురింట్లోనే ఉంటాడు, అరటిపళ్ళ బండి తోసుకుంటాడు. వాడి పెళ్ళాం వరాలు, తమ్ముడు సూరిబాబు. రోజూ పొద్దున్నే ముగ్గురూ అరుగు మీద చేరి, "తెలివంతా మనింట్లోనే ఉండిపోయింది గదా, ఊళ్ళో మిగతావాళ్ళు ఎలా బతుకుతున్నారో పాపం" అని జాలిపడేవారు. వరాలైతే కళ్ళు కూడా ఒత్తుకునేది.

"మనం ఎవరేం చెప్తే అది చెప్పినట్టే చేస్తాం. పనులు ఎక్కడ చెడతాయనుకున్నారు? సొంత బుర్ర కలిపిన దగ్గరే" అనేవాడు నూకరాజు. కలపడానికి ఉంటే గదా!

ఆ ఇంట్లో నాలుగో మనిషి తవిటమ్మ మామ్మ, అన్నదమ్ములిద్దరికీ నానమ్మ. ఎనభై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి. ఆవిడకి నిజంగానే తెలివుంది. ఉండి ఏం లాభం, ముగ్గురి మధ్య ఒక్కత్తి.

ఓ శుక్రవారం మామ్మ అన్నం ముట్టలేదు. రేవు దగ్గర మూతపడ్డ పాత ఐసు ఫ్యాక్టరీని సోమవారం కూల్చేస్తారని ఎవరో చెప్పారు. మనవలు కంగారుపడి ఏంటి మామ్మా అన్నారు.

"మీ తాతకి ఒక్క ఫొటో కూడా లేదురా" అంది మామ్మ. "ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గిపోద్దని పారిపోయేవాడు. మా పెళ్ళి ఫొటోలో చూడండి, పీటల మీద నేనొక్కదాన్నే ఉంటాను. ఆ ఫ్యాక్టరీ గచ్చు పోసిన రోజున తడి సిమెంటులో సరదాకి చెయ్యి అద్దాడు. ఆయన గుర్తంటూ మిగిలింది అదొక్కటే. కూల్చేలోగా దాని ఫొటో తెచ్చిపెట్టండ్రా. పోయేదాకా చూసుకుంటాను."

మామ్మ ఏడిస్తే ఆ ముగ్గురూ తట్టుకోలేరు. బుర్రలు ఎలాంటివైనా గుండెలు మంచివి. అంతే, మర్నాడే మెయిన్ రోడ్డులో కామేశం గారి కెమెరాల కొట్టుకి పరుగు.

కామేశం గారు కెమెరాలు అద్దెకిస్తారు. పాడుబడ్డ మిల్లులూ బంగళాలూ దూరి ఫొటోలు తీసే పిచ్చి ఈమధ్య కుర్రకారుకి పట్టుకుంది గదా, వాళ్ళందరికీ ఆయనే గురువు.

"ఐసు ఫ్యాక్టరీలో ఫొటో తియ్యాలండి. తెలివైనవాళ్ళకి సరిపోయే కెమెరా ఇవ్వండి" అన్నాడు నూకరాజు. దేని ఫొటో అని ఆయన అడగలేదు. అడగనిది వీళ్ళు చెప్పరు.

"అలాంటి చోటికి పెద్ద పెద్ద కెమెరాలు మొయ్యకండి" అన్నారు కామేశం గారు. "ఇదిగో, చిన్నది, వెడల్పు లెన్సు. గోడకి ఆనుకుని నిలబడి నొక్కితే హాలు హాలంతా ఇందులో పట్టేస్తుంది."

నూకరాజు మొహంలో నెత్తురు లేదు. "దూలాలతో సహానా అండి?"

"దూలాలతో సహా."

నూకరాజు తమ్ముడి చెవిలో, "వెళ్ళేటప్పుడు తేలికేరా, వచ్చేటప్పుడు హాలంతా మొయ్యాలి. మన బండి తీసుకెళ్దాం, చక్రాలకి నూనె పెట్టు" అన్నాడు.

"చీకట్లో కనపడుద్దాండి దీనికి?" అని వరాలు అడిగింది.

"పిల్లికన్నా బాగా కనపడుద్దమ్మా!" అని, ఆయన మూడు కాళ్ళ స్టాండు తీశారు. "కెమెరాని దీని మీద బిగించండి. కదిలితే ఫొటో పాడైపోతుంది. నొక్కినవాడు 'అయింది' అనేదాకా ఎవరూ కదలకూడదు. బ్యాటరీ పాతది, చచ్చిపోవచ్చు, జాగ్రత్త. అద్దె వస్తువు, కంటికి రెప్పలా చూసుకోండి. ఇక మిగతాదంతా ఆ బోర్డు మీదుంది."

సూరిబాబు ఏడో తరగతి రెండుసార్లు చదివినవాడు. బోర్డు గట్టిగా చదివాడు. "పాత కట్టడాల్లోంచి ఫొటో తప్ప ఏమీ తీసుకెళ్ళకు. అక్కడ అడుగుల జాడ తప్ప ఏమీ వదలకు."

ఇంటికొచ్చారో లేదో మా పిల్లి మాయం. నేను వెతుక్కుంటూ వెళ్తే, ముగ్గురూ ట్రంకు పెట్టె చుట్టూ కూర్చున్నారు. పిల్లినీ కెమెరానీ లోపల పెట్టి మూతేశారట, చీకట్లో దేనికి బాగా కనపడుద్దో తేల్చడానికి! మూత తీయగానే పిల్లి ఎగిరి సూరిబాబు ముక్కు మీద గీరి పారిపోయింది. కెమెరా మాత్రం కదల్లేదు, మెదల్లేదు.

"చూశారా! కనపడక పిల్లి భయపడింది. కెమెరా భయపడలేదు. కామేశం గారు అబద్ధం చెప్పరు" అన్నాడు సూరిబాబు, ముక్కుకి పసుపు రాసుకుంటూ. నేను పిల్లిని వెతుక్కుంటూ వచ్చేశాను. వాళ్ళతో వాదిస్తే మనకీ అంటుకుంటుందండి.

ఆదివారం పొద్దున్నే బండి తోసుకుంటూ బయల్దేరారు. గేటు దగ్గర కూల్చే పనికి పెద్ద, ఇసాకు మేస్త్రీ, మంచివాడు. సంగతి విని, "చూసి నడవండి, మెట్లు ఎక్కొద్దు" అని లోపలికి పంపాడు.

తాత చెయ్యి దొరికింది. ఐసు తొట్టి పక్కన గచ్చులో అలాగే ఉంది. సూరిబాబు స్టాండు పెట్టాడు. ఇంకేముంది, వరాలు చీర దోపుకుని కెమెరా ముందుకొచ్చింది.

"నువ్వెందుకే?" అన్నాడు నూకరాజు.

"కంటికి రెప్పలా చూసుకోమన్నారు గదండీ. కన్ను ఇదిగో ఉంది, రెప్పేది? నేనే రెప్పని."

"ఔనే, నాకు తట్టనే లేదు" అన్నాడు నూకరాజు, పెళ్ళాం తెలివికి పొంగిపోయి.

గోరు గుచ్చుకుంటుందేమోనని వరాలు జానెడు దూరంలో అరచెయ్యి పట్టుకుని, మూస్తూ తెరుస్తూ నిలబడింది. సూరిబాబు "నొక్కుతున్నా!" అని కేక పెట్టేవాడు. కేక వినపడితే రెప్ప పడాలి గదా, వరాలు చెయ్యి అడ్డం పెట్టేసేది. టిక్. "అయింది!" మళ్ళీ "నొక్కుతున్నా!" మళ్ళీ చెయ్యి. టిక్. అలా ఇరవయ్యొక్కసార్లు. ఇరవై రెండోసారికి కెమెరా పలకలేదు.

"అన్నయ్యా, బ్యాటరీ చచ్చిపోయింది!" అని సూరిబాబు నెత్తి కొట్టుకున్నాడు.

అంతే, ముగ్గురూ ఘొల్లుమన్నారు. మైల గదా అని బయట బోరింగు కింద కూర్చుని తలారా స్నానాలు చేశారు. ఇసాకు మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, "ఎవరు పోయారండీ?" అన్నాడు.

"బ్యాటరీ అండి. నిన్ననే పరిచయం. పెద్ద వయసంట" అంది వరాలు జుట్టు పిండుకుంటూ.

స్నానం అవ్వగానే బోర్డు గుర్తొచ్చింది. అడుగుల జాడ వదలాలి గదా. తడికాళ్ళతో హాలంతా తొమ్మిది చుట్లు తిరిగారు. తీరా గుమ్మం దగ్గరికొచ్చాక సూరిబాబు ఆగిపోయాడు.

"అన్నయ్యా, ఫొటో తప్ప ఏమీ తీసుకెళ్ళకూడదు. ఫొటోలు కెమెరాలో ఉన్నాయి గనక అది రావొచ్చు. మరి స్టాండో?"

"వదిలేసి పోదాం."

"అడుగుల జాడ తప్ప ఏమీ వదలకూడదు గదా!"

ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు. చివరికి నూకరాజు స్టాండుని కిటికీలోంచి బయటికి విసిరేశాడు. "మనం తీసుకెళ్ళలేదు, మనం వదల్లేదు. అదే వెళ్ళిపోయింది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ అది ఒక కాలు విరగ్గొట్టుకుంది. బయట దొరికింది గనక దాన్నీ బండెక్కించారు.

ఇక తిరుగు ప్రయాణం చూడాలండి! బండి మధ్యలో కెమెరాని తాళ్ళతో కట్టి, ఒకడు ముందు లాగుతూ, ఇద్దరు వెనక తోస్తూ, చెమటలు కక్కుతూ వచ్చారు. "హాలంతా ఉంది లోపల, దూలాలతో సహా" అని దారిన పోయేవాళ్ళకి చెప్పుకుంటూ వచ్చారు. నేను అరుగు మీదే ఉన్నాను. నవ్వలేక చచ్చాను.

ఊరవతల కొట్లో కొత్త బ్యాటరీ తెచ్చి వేసి, మామ్మకి చూపించారు. మామ్మ కెమెరా అందుకుంది. అద్దాలు తుడుచుకుని చూసింది. మళ్ళీ చూసింది.

"ఒసే వరాలూ, మీ తాతగారు గాజులేసుకునేవారా?"

"నాకేం తెలుసు మామ్మగారూ, నా పెళ్ళికి ఆయన లేరు గదా."

"గోరింటాకు కూడా పెట్టుకున్నాడేంట్రా? మీ తాత చిటికెన వేలు చిన్నప్పుడే గానుగలో నలిగి సగమైపోయింది. ఈ చేతికి అయిదు వేళ్ళూ నిండుగా ఉన్నాయి."

"అప్పటి సంగతి గదా మామ్మా" అన్నాడు సూరిబాబు. "ఇన్నేళ్ళలో పెరిగుంటుంది."

మామ్మ తిట్టలేదు. కెమెరా పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. "ఇంకేం చూస్తాను, రేపు కొట్టేస్తారు" అంది. ఆ మాట నాకూ వినపడింది. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

సోమవారం తెల్లారగానే మామ్మ లేచి కర్ర పట్టుకుంది. "ఒరే తెలివైనోళ్ళూ, బండి తియ్యండ్రా. నేనే వస్తాను."

అరటిగెలల మధ్య మామ్మని కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. అప్పటికే ఒక పక్క గోడ పడిపోయింది. ఇసాకు మేస్త్రీ చెయ్యెత్తి పని ఆపించాడు. మామ్మ గచ్చు మీద కూలబడి, కొంగుతో దుమ్ము తుడిచి, ఆ చేతిలో తన చెయ్యి పెట్టింది. చిటికెన వేలు అచ్చు సగమే ఉంది.

"చల్లగా ఉందిరా" అంది. "రోజంతా ఐసు మోసి ఇంటికొచ్చి నా మెడ మీద పెట్టేవాడు ఈ చెయ్యి. చంపేస్తానని అరిచేదాన్ని." అని వలవలా ఏడ్చింది.

ఇసాకు మేస్త్రీ కళ్ళు తుడుచుకుని, "ఈ ముక్క మిషనుతో కోసి ఇచ్చేస్తానమ్మా, తీసుకుపోండి" అన్నాడు.

"అమ్మో, వద్దండీ!" అని అన్నదమ్ములిద్దరూ అడ్డం పడ్డారు. "ఫొటో తప్ప ఏమీ తీసుకెళ్ళకూడదు. బోర్డు మీదుంది!"

మేస్త్రీ తెల్లబోయాడు. మామ్మ మాత్రం వాళ్ళ దారిలోనే వెళ్ళింది. "ఫొటో అంటే ఏంట్రా?"

"మనిషి పోయినా మిగిలే గుర్తు మామ్మా."

"మరి ఇదేంటి?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "ఓరి దేవుడా, ఇది ఫొటోయే!" అని సూరిబాబు గంతులేశాడు. అంతే, నలుగురు కూలీలు పట్టి రాతిపలకంత ముక్కని బండెక్కించారు.

అంతటితో ఆగితే బాగుండేదండి. ఫొటో అన్నాక గోడకి వేలాడాలి గదా! వసారా గోడకి ఇంతలావు మేకు కొట్టారు, తాడు కట్టారు, ముగ్గురూ ఎత్తి తగిలించారు, దండ కూడా వేశారు. దండ సర్దేలోపే మేకూ, గోడ పెచ్చూ, తాత చెయ్యీ కలిసి కిందకొచ్చాయి. వసారా గచ్చులో పెద్ద గొయ్యి. దేవుడి దయవల్ల చేతికి బీట కూడా పడలేదు.

సాయంత్రం ఇసాకు మేస్త్రీయే వచ్చాడు. ఆ గోతిలోనే తాత చేతిని పొందిగ్గా కూర్చి, చుట్టూ జానెడు మందాన కొత్త సిమెంటు పోసి నున్నగా మెత్తి వెళ్ళాడు. "గోడ మీదకన్నా ఇదే నయం, చెయ్యి అందుద్ది" అంది మామ్మ.

అప్పుడే కామేశం గారు అద్దె కెమెరా, స్టాండు కోసం వచ్చారు. విరిగిన కాలు చూసి తిట్టబోయి, కథంతా విని మెత్తబడిపోయారు. "ఉండండమ్మా, మీ ఆయనతో మీకో ఫొటో తీస్తాను" అని మామ్మని పీట వేసి కూర్చోబెట్టారు. మామ్మ ముందుకి వంగి తాత చేతిలో చెయ్యి వేసింది. "మీరు ముగ్గురూ వెనకాల నిలబడండి. కదలకండి!"

నిలబడ్డారు. టిక్. మామ్మ మొహంలో ఆ నవ్వు చూసి కామేశం గారు కెమెరా సంచీలో పెట్టేసుకున్నారు. ముక్కు చీదుకుంటూ, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయారు. మామ్మ లోపలికెళ్ళి పడుకుంది.

మర్నాడు పొద్దున నేను పాలకని తలుపు తీస్తే ఏముంది! ముగ్గురూ వసారాలో నవ్వు మొహాలతో అలాగే నిలబడి ఉన్నారు. చీలమండల దాకా సిమెంటు, గట్టిగా ఎండిపోయి! పరుగెత్తి మామ్మని లేపాను.

మామ్మ చూసి కర్ర కింద పడేసింది. "ఓరి నా తెలివైన మనవల్లారా! మీ తాత చెయ్యి పెట్టాడు గాని, తిరిగి తీసుకున్నాడు గదరా!"

"కామేశం గారు 'అయింది' అనలేదు మామ్మా" అన్నాడు నూకరాజు, పెదాలు కదలకుండా.

ఇసాకు మేస్త్రీ సుత్తీ ఉలీ పట్టుకుని వచ్చాడు. నేను పోయి కామేశం గారిని తీసుకొచ్చాను. ఆయన రొప్పుతూ గుమ్మంలో నిలబడి, "అయింది! అయిందండీ బాబూ, అయింది!" అని అరిచారు.

ముగ్గురూ హమ్మయ్య అని ఒక్కసారే ఊపిరి వదిలారు. సూరిబాబు మెడ విరుచుకుని అడిగాడు.

"ఫొటో బాగా వచ్చిందాండి? లేకపోతే ఇంకోటి తీసుకోండి. ఎలాగూ నిలబడే ఉన్నాం."