యాభైసార్లు నిలువుగా

దిండు సరిగ్గా పెట్టుకో. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. రేపు నీకు డిక్టేషనుంది, నాకు నడుం నొప్పుంది. కాబట్టి ఒక్క కథే. ఊఁ కొడుతూ విను.

అనగనగనగా, కాలవ పక్కన ఒక ఊళ్ళో ఒక చిన్న బడి ఉండేది. ఆ బళ్ళో సుభాషిణి టీచరని ఒకావిడ. మూడు, నాలుగు, ఐదు, ఈ మూడు తరగతులకీ ఆవిడొక్కతే. పొద్దున పాఠాలు చెప్పేది. ఆ తర్వాత మధ్యాహ్నం పిల్లలకి అన్నాలు పెట్టించేది. ఆ తర్వాత సాయంత్రం దాకా పుస్తకాలు దిద్దేది. పాపం అనకు. పాపమేం కాదు, అలిసిపోయిన మనిషి, అంతే. ఇంటికెళ్ళే బస్సులో నిలబడే కునికేది.

ఆ బళ్ళోనే నాలుగో తరగతిలో వకుళ అని ఒక పిల్ల. ఖోఖో ఆడితే దాన్ని ముట్టుకోగలిగినవాళ్ళు లేరు. ఇంగ్లీషు స్పెల్లింగు అడిగితే మాత్రం అక్కడే కాళ్ళు కట్టేసినట్టు నిలబడిపోయేది.

రోజూ ఆటల బెల్లుకి ముందు డిక్టేషను. మాట తప్పు రాస్తే అదే మాట యాభైసార్లు రాయాలి. రాసేదాకా ఆట లేదు. వకుళ రాసి బయటికొచ్చేసరికి అందరూ చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాళ్ళు.

అలాంటప్పుడు శనివారం పక్కూరి బడితో మ్యాచి పడింది. కెప్టెన్ జరీనా వచ్చి, "ఒసేయ్ వకుళా, నువ్వు లేకపోతే మన పరువు పోతుంది. ఈసారైనా తప్పుల్లేకుండా రాసి చావు" అని చెప్పి పోయింది.

గురువారం నాడు టీచరు ఫ్రెండ్ అనే మాట చెప్పింది. వకుళ రాత్రంతా ఊగుతూ బట్టీ పట్టిందే. అయినా మధ్యలో ఆర్ తర్వాత ఐ ముందా, ఇ ముందా అని తికమకపడి, ఇ ముందు పెట్టేసింది. తప్పు. యాభైసార్లు.

శుక్రవారం నాడు టుమారో అనే మాట చెప్పింది. వకుళ రెండు ఎమ్‌లు, ఒక్క ఆర్ రాసింది. తప్పు. మళ్ళీ యాభైసార్లు.

అప్పుడేమైందంటే, టీచరుకి కాళ్ళు పీకుతున్నాయి. వరండాలో కుర్చీ దాకా నడిచే ఓపిక లేక, వకుళ పక్కన బెంచీ మీదే కూలబడింది. కూలబడి చూస్తే, ఈ పిల్ల పేజీ పైనుంచి కిందికి వరసగా టి, టి, టి అని రాసుకుంటూ పోతోంది. గోడకి ఇటుకలు పేర్చినట్టు. అది అయ్యాక పక్కన ఓ, ఓ, ఓ.

"ఏం చేస్తున్నావే?"

"ఇంపోజిషన్ టీచర్."

"ఏ మాట?"

వకుళ పేజీ వంక చూసుకుంది. "ఇంకా తెలీదు టీచర్. సగమే అయింది."

నవ్వకు. మీ బళ్ళో పిల్లలు మాత్రం ఎలా రాస్తారేం? ఆ బళ్ళో అందరూ అలాగే రాసేవాళ్ళు. నిలువుగా రాస్తే త్వరగా అవుతుందని.

అప్పుడు టీచరు వెనక పేజీ తిప్పింది. నిన్నటి ఫ్రెండ్. మొదటి వరసలోనే ఇ ముందుంది. ఇక కింద దాకా అన్నిట్లోనూ ముందే ఉంది. యాభై తప్పులు, ముత్యాల్లాంటి అక్షరాలు. కింద ఎర్ర సిరాతో రైటు మార్కు. ఆ మార్కు పెట్టింది టీచరే.

టీచరు కోప్పడలేదు. కోప్పడ్డానికి కూడా ఓపిక ఉండాలి కదా.

"ఇంక రాయకు," అంది. "మాటని అడ్డంగా, మొత్తం ఒకేసారి చూడు. టుమారోలో ఎమ్ ఒంటరిది, ఆర్‌లు జంట. చూశావా? పుస్తకం ముయ్యి. ఇప్పుడు రాయి. ఆ తర్వాత తెరిచి నువ్వే దిద్దుకో."

వకుళ రాసింది. తెరిచి చూసుకుంది. ఒప్పే. ఫ్రెండ్‌కి కూడా అలాగే చేసింది. అదీ ఒప్పే.

ఆ తర్వాత శనివారం వచ్చింది. పక్కూరి పిల్లలు అప్పుడే మైదానంలో కుంకుడుచెట్టు కింద కూర్చుని జడలు బిగించుకుంటున్నారు. డిక్టేషనులో వకుళ ఫ్రెండ్ ఒప్పు రాసింది. టుమారో ఒప్పు రాసింది. వెన్స్‌డే దగ్గర మధ్యలో ఉండే డి మింగేసింది.

కిటికీలోంచి జరీనా తల కొట్టుకుంది. "యాభైసార్లా! అయిపోయింది, కొంప మునిగింది."

"యాభై లేదు, ఏం లేదు," అంది టీచరు. "ఒక్కసారి. అడ్డంగా. మూసి. పైకి వెన్స్‌డే అను, లోపల మాత్రం వెడ్-నెస్-డే అనుకో."

వకుళ చూసింది, మూసింది, రాసింది. తప్పు. బయట విజిల్ ఊదారు. మళ్ళీ చూసింది, మూసింది, రాసింది. మళ్ళీ తప్పు. బయట జరీనా జట్టులో ఒకమ్మాయి అవుటయింది. అప్పుడు వకుళ కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ వెడ్-నెస్-డే అనుకుంది. అనుకుని రాసింది. తెరిచింది. ఒప్పు.

పెన్ను అక్కడే పడేసి పరిగెత్తింది.

గెలిచారా అంటావా? గెలిచారు. ఆ పిల్ల దిగాక ఎవరు పట్టుకుంటారు? కానీ టీచరు చూడలేదు. ఆ సాయంత్రం దిద్దడానికి యాభైల పేజీలు ఒక్కటీ లేవు. బయట అంత గోల జరుగుతుంటే ఆవిడ బల్ల మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. బస్సు వచ్చేదాకా ఎవరూ లేపలేదు.

అదీ సంగతి. నువ్వు కూడా పొద్దున ఒక్కసారి రాసుకో, అడ్డంగా. ఇప్పుడు మాత్రం కళ్ళు ముయ్యి.

నిలువు మాటలు నిలబడి అలిసాయి,
అడ్డం మాటలు హాయిగా ఒరిగాయి,
కథేమో బస్సెక్కి కంచికి పోయింది,
ఇంట్లో మనకింక నిద్రే మిగిలింది.